ఇంటివెంట వచ్చు కట్టుబాటు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కొని చూడుమని మాత్రము వారు చెప్పలేదు. వారి కాలమున ఇల్లు కొనుట అనగా నాలుగు గోడలు, ఒక పెరడు, ఒక నుయ్యి కొనుట. హద్దులు చూచుకొని, దస్తావేజు చదివించుకొని, సాక్షులచేత సంతకములు పెట్టించుకొనినచో పని ముగిసెడిది. నేటి పట్టణములలో ఇల్లు కొనుట అనగా తరచుగా పెక్కు అంతస్తుల మేడలో ఒక వాటాను కొనుట. ఆ వాటాతోబాటు మెట్లలో, లిఫ్టులో, నీటితొట్టిలో, పైకప్పులో భాగము వచ్చును. ఇవి కంటికి కనబడును. కంటికి కనబడనిది మరియొకటి కూడ వచ్చును. అది పూర్వపు యజమాని మీరిన నియమముల ఫలము.

అమెరికాలో ఇట్టి వాటాలు గల మేడను కాండోమినియం అందురు. వాడుకలో అది కాండో. లోపలి గదులు ఎవరివి వారివి. వెలుపలి గోడలు, నడవలు, పైకప్పు, క్రింది నేల అందరివి. ఆ అందరికిని కలిసి ఒక యజమానుల సంఘముండును. బాల్కనీని మూయవచ్చునా, కిటికీకి ఏ రంగు వేయవలెను, ఇంటిలో కుక్కను పెంచవచ్చునా అను విషయములను ఆ సంఘపు నియమములు నిర్ణయించును. ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్మంతయు పెట్టి, పైన బ్యాంకు అప్పు తెచ్చి, అట్టి వాటాను కొని గృహప్రవేశము చేసినదనుకొందము. నెల తిరుగకమునుపే సంఘమునుండి ఒక జాబు వచ్చును. మీ బాల్కనీకి అద్దముల మూత అనుమతి లేకయే వేయబడినది. గడువులోపల దానిని తీసివేయవలెను. లేనిచో జరిమానా పడును అని అందుండును. మూత వేసినవాడు సొమ్ము పుచ్చుకొని వెడలిపోయెను. జాబు అందుకొన్నవాడు కొన్నవాడు. ఇట్టి సంఘముల పాలనలో కాపురమున్నవారిలో టెక్సాసు, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రములలోని మన తెలుగు కుటుంబములును కలవు.

ఒకరు చేసిన తప్పునకు మరియొకరు బాధ్యులగుట న్యాయమేనా? ఈ ప్రశ్న చూచుటకు క్రొత్తదిగా తోచును గాని, నాలుగు వందల ఏండ్లకు పైగా న్యాయస్థానములు దీనితో పెనగులాడుచున్నవి. ఆ పెనుగులాట చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

ఒకరి ఋణము మరియొకరికి సంక్రమించుట మన దేశమున ఎరుగనిది కాదు. తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్చుట ధర్మమని మన స్మృతికారులు విధించిరి. ఆ ధర్మమునకును హద్దులుండెను. జూదమునకో, త్రాగుడునకో తండ్రి చేసిన అప్పు కుమారుని అంటదు. ఆంగ్లేయుల న్యాయస్థానములును ఈ విధిని అంగీకరించి అమలు జరిపెను. 2005లో హిందూ వారసత్వ చట్టమునకు చేసిన సవరణ వలన, అటుపిమ్మట చేసిన అప్పుల విషయమున, కేవలము ఈ ధర్మమును ఆధారముగా గొని కుమారునిపై దావా వేయుటకు వీలు లేకపోయెను. ఇది రక్తసంబంధమువలన వచ్చిన ఋణము. ఇల్లు కొన్నవాడు అమ్మినవానికి కుమారుడు కాడు. వానికిని వీనికిని గల సంబంధము రొక్కము, దస్తావేజు మాత్రమే. మరి ఆ భారము వీనిమీదికి ఏ త్రోవను వచ్చినది? మనిషి వెంబడి రాలేదు. భూమి వెంబడి వచ్చినది. ఆ త్రోవను వేసినవారు ఇంగ్లండు న్యాయమూర్తులు.

1583లో ఇంగ్లండులో స్పెన్సరు వ్యాజ్యమని ఒకటి నడచెను. స్పెన్సరు కొంత స్థలమును గుత్తకిచ్చెను. గుత్తదారు ఆ స్థలములో ఒక ఇటుకగోడ కట్టించెదనని ఒప్పుకొనెను. గోడ కట్టకయే అతడు తన గుత్తను మరియొకనికి బదలాయించెను. అది చేతులు మారి చివరకు క్లార్కు అనువానికి చేరెను. గోడ కట్టుమని స్పెన్సరు క్లార్కును నిలదీసెను. ఆడినది ఒకరు, నెరవేర్పవలసినది మరియొకరా అన్నదే అప్పటి ప్రశ్న. న్యాయమూర్తులు సూక్ష్మముగా విచారించిరి. ఒడంబడిక ఆ భూమికే సంబంధించినదైనచో అది భూమితోబాటు సాగిపోవును. కాని అప్పటికి లేనే లేని గోడను గూర్చిన మాట తరువాతి వానిని కట్టివేయవలెనన్నచో, తరువాతి వారిని కూడ ఒడంబడికలో పేర్కొనవలసియుండెను. పేర్కొనలేదు గనుక క్లార్కు బయటపడెను. క్లార్కు గెలిచినను, ఆ తీర్పులోని సూత్రము మాత్రము తరువాతి కొనుగోలుదారులకు బంధమయ్యెను. భూమిని తాకిన మాట భూమితో నడచును.

ఐనను ఆ సూత్రము గుత్తదారులకే చెల్లెను. పూర్తిగా అమ్మివేసిన భూమి సంగతి ఏమి? దానికి సమాధానము లండను నగరములోని ఒక తోటనుండి వచ్చినది. లీస్టరు స్క్వేరు నడుమ ఒక తోట కలదు. దాని చుట్టును గల ఇండ్లలో కొన్నిటికిని, ఆ తోటకును టల్కు అను నతడు యజమాని. 1808లో అతడు తోటను ఎల్మ్సు అను వానికి అమ్మెను. తోటను తోటగానే ఉంచవలెను, కట్టడములు కట్టరాదు, చుట్టుపట్ల ఇండ్లవారు తగిన రుసుము చెల్లించి తాళపుచెవి తీసికొని అందు విహరింపవచ్చును అని దస్తావేజులో వ్రాసికొనిరి. నలుబది ఏండ్లు గడచెను. తోట చేతులు మారి మోక్సే అను వానికి వచ్చెను. మోక్సే దస్తావేజులో ఈ షరతు లేదు. కాని అట్టి షరతు ఒకటి కలదని కొనునప్పుడే తనకు తెలియునని అతడు ఒప్పుకొనెను. తెలిసియు, అది తనను అంటదని తలచి, అచట కట్టడములు లేపుటకు పూనుకొనెను. టల్కు న్యాయస్థానమునకు పోయెను.

1848 డిసెంబరులో లార్డు ఛాన్సలరు కాటెన్‌హాం తీర్పు చెప్పెను. షరతు భూమితో నడచునా లేదా అను శాస్త్రచర్చను ఆయన ప్రక్కన పెట్టెను. ఆయన అడిగినది ఒక్కటే: తెలిసి కొన్నవాడు తెలియనివానివలె నడచుకొనవచ్చునా? దానికి ఆయన చెప్పిన కారణము సామాన్యునికిని బోధపడునది. షరతు గల భూమి చౌకగా వచ్చును. చౌకగా కొన్నవాడు మరునాడే షరతు లేని ధరకు దానిని మరియొకనికి అమ్మి, ఆ కొన్నవానికి షరతు అంటదన్నచో, మొదట అమ్మినవాడు మోసపోయినట్లే గదా! కావున తెలిసి కొన్నవాడు కట్టుబడియే ఉండవలెనని నిషేధాజ్ఞ స్థిరపడెను. ఆ తరువాత తోట ఆలన లేక పాడుపడినను, 1874లో ఆల్బర్టు గ్రాంటు దానిని కొని ప్రజలకు సమర్పించెను. నేటికిని లీస్టరు స్క్వేరు నడుమ చెట్లు, పచ్చిక కలవు.

ఈ తీర్పులో రెండు పాళ్ళు కలవు. మాట భూమిని అంటియుండుననుట ఒక పాలు. కొన్నవానికి ఎరుక యుండవలెననుట రెండవ పాలు. మొదటి పాలు కొన్నవానికి భారము. రెండవ పాలు అతనికి రక్ష. పిమ్మట వచ్చిన చరిత్రయంతయు ఈ రెంటి నడుమ తక్కెడ ఎటు మొగ్గినదను కథయే.

మన దేశమున 1882లో చేసిన ఆస్తి బదిలీ చట్టము నలుబదవ సెక్షనులో ఈ తీర్పుసారమును చేర్చిరి. పరుని భూమిని ఫలానా విధముగా వాడరాదని అడ్డుపెట్టు హక్కును, ఎరుకతో కొన్నవాని మీదను, ఊరక పుచ్చుకొన్నవాని మీదను నడపవచ్చును. వెల ఇచ్చి, తెలియక కొన్నవాని మీద నడపరాదు. మన న్యాయవాదులు లీస్టరు స్క్వేరు తోటను చూడకున్నను, ఆ తోట నీడ మన దస్తావేజులమీద పడియేయున్నది.

ఇంగ్లండు న్యాయస్థానములు మాత్రము ఈ సూత్రమును త్వరలోనే కుదించినవి. చేయరాదు అను షరతు భూమితో వచ్చును గాని, చేయుము, ఖర్చుపెట్టుము అను షరతు రాదని 1881లోను, 1885లోను తీర్పులు వచ్చినవి. దీని ఫలము చూడుడు. సోమర్‌సెట్ సీమలో ఒక పాత ఇంటిని 1960లో రెండుగా చీల్చి అమ్మిరి. పెద్ద ఇంటి పైకప్పు కొంత చిన్న ఇంటిమీద పరచుకొనియుండెను. ఆ భాగమును పెద్ద ఇంటివారు మరమ్మతు చేయుచుండవలెనని దస్తావేజులో వ్రాసికొనిరి. ఇండ్లు చేతులు మారెను; కప్పు కారనారంభించెను. వ్యాజ్యము ప్రభువుల సభ వరకు పోగా, 1994లో ఆ సభ తీర్పు చెప్పెను. మరమ్మతు చేయుదునని మాట ఇచ్చినవాడు మొదటి యజమాని. తరువాతి యజమానిని ఆ మాట కట్టదు. చిన్న ఇంటివారికి మిగిలినది కారుచున్న కప్పు. భారము సంక్రమించుట కొన్నవానికి అన్యాయమని మనము అనుకొందుము. సంక్రమింపకున్నచో పొరుగువాడు తడిసిపోవునని ఈ వ్యాజ్యము తెల్పుచున్నది. ఒకే కప్పు క్రింద అనేకులు కాపురముండు మేడలకు ఈ ఆంగ్ల సూత్రము సరిపడదు.

అమెరికా ఈ చిక్కును వేరొక విధముగా విప్పినది. న్యూయార్కు నగరములో సముద్రపుటొడ్డున నెపాన్సిట్ అను పేట కలదు. ఒక కంపెనీ ఆ స్థలములను విభజించి అమ్మునపుడు, 1917 నాటి దస్తావేజులో ఒక షరతు చేర్చెను. 20 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు గల ఒక్కొక్క స్థలమునకు ఏటేట 4 డాలర్లకు మించని రుసుము చెల్లింపవలెను; ఆ సొమ్ము బాటలకును, తోటలకును, సముద్రతీరమునకును వినియోగింపబడును. పిమ్మట ఒక స్థలము న్యాయస్థానపు వేలములో ఒక పొదుపు బ్యాంకు చేతికి వచ్చెను. బ్యాంకు ఆ మాట ఇచ్చినది కాదు. రుసుము వసూలు చేయవచ్చిన యజమానుల సంఘమునకు అచట భూమియు లేదు. పాత సూత్రముల ప్రకారము చూచినచో బ్యాంకే గెలువవలెను. కాని 1938లో న్యూయార్కు ఉన్నత న్యాయస్థానము సంఘమునే గెలిపించెను. బాటలు, తీరము అందరును అనుభవించునవి. వాని పోషణకై చెల్లించు సొమ్ము భూమిని తాకిన మాటయే. సంఘము అనగా ఆ ఇండ్లవారే గాని వేరొకరు కారు అని ఆ న్యాయస్థానము విశ్వసించెను. ఏటికి 4 డాలర్ల రుసుము వ్యాజ్యము నేటి యజమానుల సంఘముల అధికారమునకు పునాదిరాయి అయ్యెను.

భూమిని అంటిన మాటలన్నియు మంచి మాటలే అనుకొనుట పొరపాటు. మిస్సౌరి రాష్ట్రములోని సెయింట్ లూయీ నగరములో 1911లో ఒక వీథిలోని 39 మంది యజమానులలో 30 మంది కూడి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఏబది ఏండ్లవరకు నీగ్రో జాతివారు గాని, మంగోలు జాతివారు గాని ఆ ఇండ్లలో నివసింపరాదని దాని సారము. 1945లో షెల్లీ దంపతులు అచట ఒక ఇల్లు కొనిరి. వారు నల్లజాతివారు. 34 ఏండ్ల క్రిందట ఎవరో వ్రాసికొన్న ఆ కాగితము సంగతి వారికి తెలియదు. పొరుగువారు వ్యాజ్యము తెచ్చిరి. ఇల్లు ఖాళీ చేయవలెనని రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. వ్యాజ్యము వాషింగ్టనుకు పోయెను. 1948 మే 3వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు, ఇట్టి ఒడంబడికను అమలు జరుపుటకు రాష్ట్ర న్యాయస్థానములు తమ అధికారమును వినియోగింపరాదని, అది సమాన రక్షణమును ప్రసాదించు రాజ్యాంగమునకు విరుద్ధమని నిర్ణయించెను. షెల్లీ కుటుంబము ఆ ఇంటిలోనే నిలిచెను. అట్టి వివక్షను 1968 నాటి గృహవసతి చట్టము పూర్తిగా నిషేధించెను.

కావున పూర్వుల మాట భూమిని అంటినంత మాత్రమున అది పవిత్రమైపోదు. భూమితో వచ్చినది కప్పు మరమ్మతా, లేక మనిషిపై ద్వేషమా అని విచారించు బాధ్యత న్యాయస్థానమునకు కలదు.

ఇక కాండోల చరిత్ర. 1958లో పోర్టోరికో ద్వీపమున అంతస్తుల వాటాలకు వేర్వేరు యాజమాన్యము కల్పించు చట్టము వచ్చెను. 1960లో యూటా రాష్ట్రము అట్టి చట్టమునే చేసెను. 1961లో ఫెడరల్ ప్రభుత్వము కాండో కొనుటకిచ్చు అప్పులకు బీమా కల్పించుటతో రాష్ట్రములు ఒకదాని వెంట ఒకటి చట్టములు చేసినవి. ఈ చట్టములలో కీలకమైనది నియమపత్రము. మేడ కట్టినవాడు ఒక్క వాటాయైన అమ్మకమునుపే దానిని వ్రాసి ప్రభుత్వపు రికార్డులో నమోదు చేయించును. నమోదైన కాగితమును కొన్నవాడు చదివినను చదువకున్నను, చదివినట్లే లెక్క. మోక్సేకు నిజముగనే తెలిసియుండెను. కాండో కొన్నవానికి తెలిసినట్లు చట్టము భావించును. ఎరుక అను రక్ష ఇట్లు పలుచబడినది.

కాలిఫోర్నియాలో 530 వాటాలు గల ఒక మేడల సముదాయములో, 1988లో ఒక స్త్రీ మూడు పిల్లులతో కాపురమునకు వచ్చెను. పిల్లులను, కుక్కలను పెంచరాదను నియమము కలదని తనకు తెలియదని ఆమె చెప్పెను. 1994లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు, నమోదైన నియమము సమంజసమైనదనియే భావింపవలెనని సంఘముపక్షమున తీర్పు ఇచ్చెను. ఒక న్యాయమూర్తి మాత్రము దానితో ఏకీభవింపలేదు. తరువాత శాసనసభ కలుగజేసికొని, 2001 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ద్వారా కాండోలో కనీసము ఒక పెంపుడు జంతువును ఉంచుకొను హక్కును కల్పించెను.

పూర్వపు యజమాని తప్పు సంగతి ఇంతవరకు వచ్చిన త్రోవలో చూచినచో స్పష్టపడును. తప్పులో రెండు అంశములు కలవు. ఒకటి, జరిగిపోయిన పని; దానికి పడిన జరిమానా, చెల్లింపని నెలసరి రుసుము. ఇది సొమ్ము. రెండవది, ఇంకను నిలిచియున్న స్థితి. మూసిన బాల్కనీ, పడగొట్టిన గోడ, మార్చిన కిటికీ. జరిగిపోయిన పనిని కొన్నవాడు చేయలేదు, నిజమే. కాని బాల్కనీ నేడు మూసియే యున్నది. నేడు దానికి యజమాని అతడే. నియమము భూమితో వచ్చినది గనుక, నేటి ఉల్లంఘన నేటి యజమానిదే అగుచున్నది. సంఘములు కొన్నవానికి జాబు వ్రాయుటకు మూలమైన తర్కము ఇది.

సొమ్ము విషయమున రాష్ట్రములు వేరువేరు దారులు త్రొక్కినవి. ఫ్లోరిడా చట్టము ప్రకారము పాత రుసుము బకాయికి పాత యజమాని, క్రొత్త యజమాని ఉభయులును బాధ్యులు. చెల్లించిన క్రొత్తవాడు పాతవానినుండి రాబట్టుకొనవచ్చును. రాష్ట్రములకు మాదిరిగా 1977లో వెలువడి 1980లో సవరింపబడిన ఏకరూప కాండోమినియం చట్టము కొన్నవానికి ఎక్కువ రక్ష ఇచ్చెను. వాటా మరల అమ్మునపుడు బకాయి ఎంతయో తెల్పు ధ్రువపత్రమును, కోరిన పది దినములలో సంఘము ఇయ్యవలెను. అందు చూపిన దానికంటె మించిన బకాయికి కొన్నవాడు బాధ్యుడు కాడు. చెప్పవలసినవాడు చెప్పకున్నచో నష్టము వానిదే యనుట ఈ పద్ధతి.

ఉల్లంఘనల విషయమున కాలిఫోర్నియా చట్టము స్పష్టముగా పలుకును. అమ్మువాడు, తనకు సంఘము పంపిన నోటీసులలో ఇంకను పరిష్కారము కాని వాని ప్రతిని గాని సారాంశమును గాని కొనువానికి ఇయ్యవలెను. ఆ పిమ్మట ఒక మాట చేర్చిరి. ఇట్లు తెలియజేసినంత మాత్రమున, పాత యజమానిమీదనే గాని, కొనువానిమీదనే గాని చర్య తీసికొను హక్కును సంఘము వదలుకొన్నట్లు కాదు. ఎరుకయు కలదు, భారమును కలదు. లార్డు ఛాన్సలరు తీర్పులోని రెండు పాళ్ళును ఒకే వాక్యసమూహములో చేరినవి. సంఘములకును ఒక హద్దు పెట్టిరి. ఉల్లంఘన తెలిసిన నాటినుండి, లేక తెలిసియుండవలసిన నాటినుండి, ఐదు ఏండ్లలోపల దావా వేయవలెను. ఏండ్ల తరబడి చూచి ఊరకుండి, వాటా చేతులు మారగానే మేల్కొను సంఘమును న్యాయస్థానములు సంశయముతోనే చూచును.

మన పట్టణములకు వచ్చినచో, 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అపార్టుమెంటుల నిర్మాణమును, యాజమాన్యమును గూర్చి ప్రత్యేక చట్టము చేసెను. మన వారు ఫ్లాటు కొనునపుడు రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తప్పక తీసికొందురు. అమ్మకములు, తాకట్టులు మున్నగు రిజిస్టరైన వ్యవహారములు అందు కనబడును. సంఘము వ్రాసిన జాబు, నిలిచిపోయిన నిర్వహణ రుసుము, అనుమతి లేక మూసిన బాల్కనీ అందు కనబడవు. ఆస్తి బదిలీ చట్టము ఏబదియైదవ సెక్షను, అమ్మువాడు తాను ఎరిగియున్న ముఖ్యలోపమును, సామాన్యమైన శ్రద్ధతో కొనువాడు కనుగొనజాలని దానిని, వెల్లడింపవలెనని విధించుచున్నది. అమ్మకపు దినము వరకు గల ప్రభుత్వపు పన్నులను చెల్లించుట కూడ, వేరు ఒప్పందము లేనిచో, అమ్మువాని పనియే. సామాన్యమైన శ్రద్ధ అను మాటను గమనింపవలెను. కంటి ఎదుటనున్న అద్దముల మూతను గూర్చి అడుగకుండుట శ్రద్ధ అనిపించుకొనదు.

కనుక వాటా కొనువారు చూడవలసిన కాగితములు దస్తావేజుతో ముగియవు. సంఘపు నియమావళిని అడిగి చదువవలెను. బకాయి లేదనియు, పరిష్కారము కాని ఫిర్యాదు లేదనియు సంఘముచేత వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఇంటిలోని మార్పులకు అనుమతిపత్రము చూపుమని అమ్మువానిని అడుగవలెను. పాత ఉల్లంఘనల ఖర్చు అమ్మువానిదే యని క్రయపత్రములో వ్రాయించుకొనవలెను. అట్టి వ్రాత సంఘమును కట్టివేయదు గాని, ఖర్చును అమ్మినవానినుండి రాబట్టుకొనుటకు ఆధారమగును.

సంఘములకును ఈ చరిత్ర ఒక పాఠము చెప్పుచున్నది. కొన్నవానిని కట్టివేయు హక్కు వారికి ఊరక రాలేదు. తెలియజేయు విధితోబాటు వచ్చినది. లీస్టరు స్క్వేరు తోటను కాపాడినది కేవలము ఒక షరతు కాదు. కొన్నవానికి ఆ షరతు తెలిసియుండుట దానిని కాపాడినది. సెయింట్ లూయీ వీథిలోని కాగితము తెలియని కుటుంబమును ఇల్లు వెడలగొట్టబోయెను. భూమి నోరులేనిది, తనకు అంటిన మాటలను తాను చెప్పలేదు. వానిని చెప్పవలసినవారు అమ్మువాడును, సంఘమును. వారు చెప్పిన పిమ్మట కొన్నవాడు మోయు భారము న్యాయమైనది. చెప్పక మోపిన భారము న్యాయము కాదు.